ప్రసన్నకుమారి పెట్టెలో నాపరాళ్లు

మైదుకూరులో బద్వేలు రోడ్డు మీద పసుపు, కారం, రాగులు పట్టే మర ఒకటి ఉంది. దాన్ని నడిపే ప్రసన్నకుమారికి నలభై ఏడేళ్లు. వారమంతా పసుపు పడీ పడీ ఆమె చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉంటాయి. ఆదివారం ఏసు గుడిలో ఆ చేతులతోనే బేస్ గిటార్ వాయిస్తుంది. ఆమె గిటార్ పచ్చగా లేని రోజును చూసినవాళ్లు సంఘంలో ఎవరూ లేరు.

ఆ గిటార్ ఆమె నాయన లాజరుది. ఆయన పెండ్లిళ్లకు బ్యాండు వాయించేవాడు. ప్రొద్దుటూరులో ఒక పాటకచేరీ బృందం తగవులాడుకుని విడిపోయినప్పుడు వాళ్ల దగ్గర ఆ గిటారునూ, దానికి తగిలించే నడుమెత్తు యాంప్లిఫయర్‌నూ కొనుక్కొచ్చాడు. యాంప్లిఫయర్ అనే మాట నోరు తిరగక ఇంట్లోనూ గుడిలోనూ దాన్ని 'పెట్టె' అనే పిలిచారు. లాజరుకు ఇద్దరు కొడుకులున్నా ఇద్దరూ బేస్ ముట్టలేదు. "దాంట్లో పాట రాదు నాయనా, ఊరికే దుమ్ము దుమ్మంటాది" అని ఒకడు కీబోర్డు, ఒకడు తబలా పట్టుకున్నారు. పదమూడేళ్ల ప్రసన్నతో మాత్రం లాజరు ఒక మాటన్నాడు. "బేస్ వాయించేటోడిని ఎవురూ చూడరు పాపా. ఆపితే మాత్రం అందరూ ఎనక్కి తిరిగి చూస్తారు."

నిజమో కాదో తేల్చుకోవాలనుకుంది ప్రసన్న. ఆ తర్వాతి ఆదివారం నాయన పక్కన కూర్చుని, పాట మంచి పట్టులో ఉండగా చెయ్యి చాపి నాలుగు తీగలూ అదిమిపట్టింది. గుడి మొత్తం వెనక్కి తిరిగింది. ఆ రోజు తిన్న దెబ్బలు ఆమెకు గుర్తులేవు. అన్ని తలకాయలు ఒక్కసారి తిరగడం మాత్రం ఇప్పటికీ గుర్తుంది. బేస్ నేర్చుకోవాలని అప్పుడే తీర్మానించుకుంది.

లాజరు పోయి తొమ్మిదేళ్లయింది. పెట్టె ఆయన కంటే ఐదేళ్లు ఎక్కువ బతికింది. వీధిలో ట్రాన్స్‌ఫార్మర్ మార్చిన పొద్దు కరెంటు ఒక్కసారిగా ఎగదన్ని, మిల్లులో రెండు బల్బులు, ఒక ఫ్యాను, ఈ పెట్టె అన్నీ ఒకేసారి పోయాయి. ప్రొద్దుటూరు మెకానిక్కు లోపలి సామాను మొత్తం పీకి, ఇట్లాంటివి ఇప్పుడు దొరకవని చెప్పి, ఖాళీ డొల్లను తిరిగి పంపాడు. ప్రసన్న దాన్ని మిల్లు వెనక గదిలో పెట్టి పిండి జల్లెళ్లు దాచుకుంది. గుడిలో వాయించడానికి గుడి మైకుసెట్టే సరిపోతుండేది కాబట్టి పెట్టె సంగతి ఎవరూ అడగలేదు.

అడగాల్సిన అవసరం గుడికి నూరేండ్లు నిండే ఏడాది వచ్చింది. పండుగ గుర్తుగా పది పాటలు రికార్డు చేయించాలని సంఘం నిర్ణయించింది. రికార్డింగు పని కడప నుంచి శ్రీకాంత్‌కు అప్పజెప్పారు. ముప్పై ఐదేళ్ల శ్రీకాంత్ తన స్టూడియో మొత్తాన్ని ఒక సంచిలో వేసుకుని బైకు మీద ఊరూరూ తిరుగుతాడు.

"పెట్టె పోతే పోనీలేక్కా" అన్నాడు అతను మొదటిరోజే. "గిటార్ వైరు ఈ బుల్లి డబ్బాకు, డబ్బా వైరు ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే సరి. పెట్టె చేసే పనంతా సాఫ్ట్‌వేరే చేస్తాది."

ల్యాప్‌టాప్ తెర మీద పెట్టెల బొమ్మలు వరసగా కనబడ్డాయి. చిన్నవి, పెద్దవి, బీరువా అంతవి. ఒక బొమ్మను ఎంచుకుంటే దాని ముందర మైకు బొమ్మ వచ్చి నిలబడుతుంది. ఆ మైకును వేలితో అటూ ఇటూ జరిపితే చెవిలో శబ్దం కూడా నిజంగానే మారుతుంది. దగ్గరికి తెస్తే బరువెక్కుతుంది, పక్కకు తోస్తే మెత్తబడుతుంది. ప్రసన్న హెడ్‌ఫోన్ పెట్టుకుని అరగంట సేపు మైకు బొమ్మను తోసుకుంటూనే కూర్చుంది. మొదట తీగ మీటిన రవ్వంతసేపటికి గానీ శబ్దం వినబడక, మెట్లు దిగేటప్పుడు చివరి మెట్టు లేనట్టు తడబడింది. శ్రీకాంత్ ఏదో అంకె తగ్గించగానే అదీ సర్దుకుంది. పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించి, అతని దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ ఎక్కించుకుని, మిల్లుకు గిరాకీ తక్కువుండే మధ్యాహ్నాల్లో వారం రోజుల పాటు సాధన చేసింది. మొదటి పాట బేస్ వాయించి పంపింది.

అది దావీదురాజు సారుకు నచ్చలేదు.

దావీదురాజు రిటైరైన లెక్కల మాస్టరు. ఇరవై ఆరేళ్లుగా గాయకబృందానికి పెద్ద. ఆయన చెవిని మించిన చెవి సంఘంలో లేదని అందరూ ఒప్పుకుంటారు. ఆ మాట మొదట చెప్పింది ఆయనే. పాట సగం దాకా కళ్లు మూసుకుని విని, "ఏ పెట్టెతో వాయించింది?" అని శ్రీకాంత్‌ను అడిగాడు.

"పెట్టె లేదు సార్. సాఫ్ట్‌వేర్."

"అందుకే. దీంట్లో పాణం లేదు. కంప్యూటర్లో వచ్చేది శబ్దం గాదప్పా, శబ్దం నీడ." తర్వాత ప్రసన్న వైపు తిరిగి, "మీ నాయన పెట్టె యాడ ఉండాది?" అన్నాడు.

"మిల్లులోనే ఉండాది సార్" అంది ప్రసన్న.

"రేపు వస్తా. దాంతో వాయించు."

ఆమె చెప్పింది అబద్ధం కాదు. పెట్టె మిల్లులోనే ఉంది. జల్లెళ్లు లోపల ఉన్నాయా లేదా అని సారు అడగలేదు కాబట్టి ఆమె చెప్పలేదు. ఇంటికొచ్చి ఈ సంగతి భర్త జయపాల్‌కు చెబితే అతను కాసేపు ఆలోచించాడు. అతను ఎర్రగుంట్ల దగ్గర నాపరాళ్లకు పాలిష్ పట్టే పనికి పోతాడు, సెలవు రోజుల్లో మిల్లు చూసుకుంటాడు. "పెట్టెకు ముందర ఎర్రలైటు వెలగాల గదా" అని, లేచి వెళ్లి టార్చిలైటు బల్బొకటి తెచ్చి పాత లైటు తొర్రలో బిగించాడు. ఆ ఇంట్లో అల్లరి ఒక్క మనిషిది కాదు.

మర్నాడు మధ్యాహ్నం సారు వచ్చేసరికి పెట్టె గోడ వారగా ఠీవిగా నిలబడి ఉంది. ఎర్రలైటు వెలుగుతోంది. ఎదురుగా మైకు. గిటార్ వైరు పెట్టె వెనకనుంచి లోపలికి పోయి, కింది తొర్రలోంచి బయటికొచ్చి, బస్తాల చాటున ఉన్న శ్రీకాంత్ డబ్బాను చేరుతోంది. శ్రీకాంత్ ముఖానికి అప్పటికే చెమట పట్టింది.

సారు హెడ్‌ఫోన్ తగిలించుకుని బస్తా మీద కూర్చున్నాడు. ప్రసన్న నిన్నటి పాటే, నిన్నటి బొమ్మపెట్టెతోనే వాయించింది.

"మైకు రెండు వేళ్లు ఎడమకు జరుపప్పా" అన్నాడు సారు.

శ్రీకాంత్ మైకును రెండు వేళ్లు జరిపాడు. ప్రసన్న మళ్లీ అదే వాయించింది.

"ఆ. ఇదీ. చూసినావా, రెండు వేళ్లకే ఎంత తేడా వచ్చిందో."

"శానా తేడా ఉంది సార్" అన్నాడు శ్రీకాంత్, తెరకు దగ్గరగా మొహం వంచి.

రెండో పాట సగంలో ఉండగా ఎవరో పసుపు కొమ్ములు తెచ్చారు. ఆ రోజు పనికి పోకుండా మిల్లులో ఉన్న జయపాల్ వచ్చినవాళ్లను తిప్పి పంపలేక ముందు గదిలో మిషన్ వేశాడు. నేల అదిరింది. సారు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఉండటంతో ఆయనకు పాట తప్ప ఇంకేదీ వినబడటం లేదు. మెల్లగా లేచి వెళ్లి పెట్టె మీద అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకున్నాడు.

"చూడమ్మా ఎట్ల అదురుతాండాదో" అన్నాడు గట్టిగా. "పాణమంటే ఇదీ."

ప్రసన్న తల వంచుకుని గిటార్ మెట్లను చూస్తూ వాయించింది. నవ్వొస్తే వేలు జారుతుంది. వేలు జారితే మళ్లీ మొదటినుంచి వాయించాలి. పాట అయ్యాక సారు హెడ్‌ఫోన్ తీసి, మిషన్ మోత విని ఉలిక్కిపడ్డాడు. రికార్డయిన పాటను మళ్లీ వేయించుకుని విన్నాడు. మిల్లు మోత అందులో ఇసుమంత కూడా లేదు.

"పక్కన మిషన్ తిరుగుతాంటే కూడా మైకులో పడలేదే" అన్నాడు ఆశ్చర్యపోతూ. "పాతకాలం పెట్టెంటే అట్ల ఉంటాది. తన శబ్దం తప్ప ఇంకోటి రానియ్యదు."

అట్లా పది పాటలూ అయిపోయాయి. కథ అక్కడితో ఆగి ఉంటే ప్రసన్నకు ఏ చిక్కూ లేదు. కానీ సారు ఆ పెట్టె గొప్పతనాన్ని తనలో దాచుకోలేకపోయాడు. వేంపల్లె సంఘంలో పాటలు నడిపే ప్రకాశం ఆయన పాత శిష్యుడు. అతనికి ఫోన్ చేసి పాటలు వినిపించాడు. ప్రకాశం విని, ఎండాకాలం ప్రార్థన కూడికలకు ఆ పెట్టెనూ ప్రసన్నక్కనూ ఒక్కరోజు పంపమని అడిగాడు. సారు సరేనని మాటిచ్చి, తర్వాత ప్రసన్నకు చెప్పాడు.

ఆమెకు భయం పట్టుకుంది. ఇంక నిజం చెప్పేయాలనుకుని ఆ సాయంత్రమే సారు ఇంటికి పోయింది. ఆయన అరుగు మీద కూర్చుని ఫోనులో ఆ పాటలే వింటున్నాడు. ఆమెను చూసి పాట ఆపాడు.

"సార్, ఆ పెట్టె సంగతి..."

"నేనే చెప్పాలనుకుంటి ప్రసన్నా. మీ నాయనా నేనూ పంతొమ్మిదేండ్లు ఒక బెంచీ మీద కూచ్చోని వాయించినాము. ఆయప్ప పోయినాక ఆ బెంచీ మీద నేను కూచ్చోలేదు. ఈ పాటలు వింటాంటే పక్కన కూచ్చున్నట్టే ఉండాది." ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "ఏమో చెప్పబోతివి?"

"ఏం లేదు సార్. వేంపల్లెకు ఎన్ని గంటలకు పోవాలో అడగనీక వస్తి."

ఇంటికొచ్చి మంచం మీద కూలబడింది. మొదటిసారి ఆమెకు నవ్వు రాలేదు. ముసలాయన సంతోషం ఒక డొల్ల మీద నిలబడి ఉందని తెలిశాక, దాన్ని ఎట్లా తోసెయ్యాలో ఆమెకు అర్థం కాలేదు. ఆ కష్టంలోనే ఇంకో కష్టం కూడా గుర్తొచ్చింది.

"మోసేదానికి నలుగురిని పంపుతాన్నారంట" అంది జయపాల్‌తో. "అది ఒక్క చేత్తో లేస్తాది గదప్పా."

జయపాల్ పాలిష్ ఫ్యాక్టరీ నుంచి విరిగిన నాపరాళ్లు రెండు సంచులు తెచ్చాడు. పెట్టె అడుగున పేర్చి, కదలకుండా గోనెపట్టలు దోపాడు. పైన ల్యాప్‌టాప్‌కు, బుల్లి డబ్బాకు చోటు వదిలాడు. ల్యాప్‌టాప్ లోపలే ఉండి పని చేస్తుంది, దాని వైరు పోయి వేంపల్లె వాళ్ల మైకుసెట్టులో కలుస్తుంది, పెట్టె ముందర మైకు ఊరికే నిలబడి ఉంటుంది. అదీ ఏర్పాటు. ట్రాలీ ఆటో వచ్చినప్పుడు నలుగురు మనుషులు పళ్లు బిగించి పెట్టెను ఎక్కించారు.

"బరువు చూసినారా" అన్నాడు సారు గర్వంగా. "ఇప్పటి సామాన్లు ఊదితే ఎగిరిపోతాయి."

వేంపల్లెలో కూడిక మధ్యాహ్నం మొదలైంది. రేకుల పందిరి కింద నాలుగు వందల మంది కూర్చున్నారు. వేసవి ఎండకు రేకులు టిక్కుటిక్కుమంటున్నాయి. మొదటి పాట బ్రహ్మాండంగా సాగింది. బేస్ మొదలవగానే ముందు వరసలో ముసలివాళ్లు తలలు ఊపారు. రెండో పాట మూడో చరణంలో ఉండగా బేస్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మూసిన పెట్టెలో, ఆ ఎండలో, రాళ్ల మీద కూర్చున్న ల్యాప్‌టాప్ కాగిపోయి తనంతట తానే ఆరిపోయింది. నాలుగు వందల తలకాయలు ప్రసన్న వైపు తిరిగాయి.

"ఉండక్కా, నేను చూస్తా" అంటూ ప్రకాశం స్క్రూడ్రైవరుతో పరిగెత్తుకొచ్చాడు. ఆమె వద్దనేలోపే వెనక చెక్క విప్పాడు. దోపిన గోనెపట్ట జారింది. దాని వెంట నాపరాయి ముక్కలు ఒకటి, రెండు, ఐదు దబదబా వేదిక మీద పడ్డాయి. చివరగా ల్యాప్‌టాప్ జారుతుంటే ప్రకాశం చేత్తో పట్టుకుని, వేళ్లు కాలి, ఒళ్లో వేసుకున్నాడు.

దావీదురాజు సారు రాళ్లను చూశాడు. ఖాళీ డొల్లను చూశాడు. టార్చిలైటు బల్బును చూశాడు. చివరికి ప్రసన్నను చూశాడు. ఆమె గిటార్‌ను గుండెకు అదుముకుని నిలబడి ఉంది. సంఘం ఎదుట, శిష్యుడి ఎదుట ఆయన ఏమన్నా ఆమె పడటానికి సిద్ధపడింది.

ప్రకాశం నెమ్మదిగా, "సార్... ఈ రాళ్లేంది?" అని అడిగాడు.

సారు మైకు అందుకున్నాడు. ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

"బరువుకు" అన్నాడు, తరగతిలో సూత్రం చెప్పినట్టు. "కింద బరువు లేకుంటే బేస్ నిలబడదు ప్రకాశం. గాలికి పోతాది. అందుకని మా దగ్గర నాపరాయి వేస్తాము. ముందు ఆ మిషన్‌కు రోంత గాలి కొట్టండి."

ఇద్దరు ఆడవాళ్లు విసనకర్రలతో వచ్చి ల్యాప్‌టాప్‌కు విసిరారు. పది నిమిషాలకు అది మళ్లీ వెలిగింది. మూడో చరణం మొదటినుంచి ఎత్తుకున్నారు. ప్రసన్న అంత జాగ్రత్తగా ఇంకెప్పుడూ వాయించలేదు.

తిరుగుదారిలో సారు డ్రైవరు పక్కన కూర్చున్నాడు. ఆయన వెనక ప్రసన్న. ఎర్రగుంట్లలో రైలు గేటు పడి బండి ఆగినప్పుడు, ఆయన తల తిప్పకుండా అడిగాడు.

"మిల్లులో నేను చెయ్యి పెట్టినప్పుడు అదిరింది ఏంది?"

"పసుపు మిషన్ సార్."

ఆయన మైదుకూరులో దిగి చెప్పులు టపటపలాడించుకుంటూ వెళ్లిపోయాడు. తర్వాత మూడు ఆదివారాలు గుడిలో ఆమె పెట్టిన వందనాలకు గోడ వైపు చూసి తల ఊపాడు. "నేను ఒక్క అబద్ధమన్నా చెప్పలేదు" అని ప్రసన్న ఇంట్లో వాదించింది. "నోటితో చెప్పలేదులే" అన్నాడు జయపాల్. ఆ మాట ఆమెకు గుచ్చుకుంది. మూడో ఆదివారం గుడి వదిలాక సారు దారికి అడ్డంగా నిలబడి, "తప్పు చేస్తి సార్. మిమ్మల్ని నవ్వులాటకు చేస్తి" అంది. ఆయన చేతికర్రతో ఆమెను పక్కకు జరగమని సైగ చేసి పోయాడు.

ఆ తర్వాత నాలుగో రోజు మధ్యాహ్నం ఆయన మిల్లుకు వచ్చాడు. చేతిలో రాగుల సంచి ఉంది. దాన్ని కాటా మీద పెట్టి, అటూ ఇటూ చూసి, "ఆ బొమ్మపెట్టెలు ఒకసారి చూపీ" అన్నాడు.

ఆమె ఒక్కొక్కటే చూపించింది. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని ఒక్కొక్కదాన్నీ కొట్టిపారేశాడు. ఇది ముక్కుతో పలుకుతోంది, ఇది నోట్లో సంగటి పెట్టుకున్నట్టుంది, ఇది అధికారి మాదిరి బిగదీసుకుని ఉంది. చివరికి పండుగ పాటల్లో వాడినది పెట్టించుకుని చాలాసేపు విన్నాడు.

"బాగుండాది. కానీ మీ నాయన పెట్టె ఇంత శుభ్రంగా పలకదు" అన్నాడు. "లావు తీగ మూడో మెట్టు మీద వేలు పెడితే దానికి రోంత జీర వచ్చేది. ఒక వానాకాలం గుడి కురిసి, లోపలి స్పీకరు అట్ట తడిసినకాణ్ణుంచి. నేను దాన్ని బాగుచేపించమంటే మీ నాయన చేపించలేదు. దాని గొంతు అదేలే సార్ అనె."

ప్రసన్నకు ఆ జీర గుర్తే లేదు. ఆయన చెప్పాక మాత్రం చెవిలో పలికింది. శ్రీకాంత్‌ను ఫోనులో అడుగుతూ, తెర మీద చక్రాలన్నీ తిప్పుతూ నాలుగు మధ్యాహ్నాలు ఇద్దరూ దాన్ని వెతికారు. కొంచెం ఎక్కువైతే "తేనెటీగ" అనేవాడు సారు. తగ్గితే "జలుబు తగ్గిపాయె" అనేవాడు. మైకు బొమ్మను తానే వేలితో జరపడం నేర్చుకున్నాడు. ఆయన రెండు వేళ్లు జరిపితే ఈసారి నిజంగానే తేడా వచ్చింది. నాలుగో రోజు ప్రసన్న మూడో మెట్టు మీటగానే సారు చెయ్యెత్తి ఆపాడు. ఇంకోసారి మీటమన్నాడు. ఇంకోసారి. తర్వాత హెడ్‌ఫోన్ తీసి ఆమె చేతికిచ్చి, బయటికి పోయి మిల్లు గుమ్మంలో నిలబడ్డాడు. ఆమె ఆ అమరికకు 'లాజరు' అని పేరు పెట్టి దాచింది.

పది పాటలూ మళ్లీ మొదటినుంచి వాయించాలని సారు తీర్పు చెప్పాడు. శ్రీకాంత్ తల పట్టుకున్నాడు గానీ, వాయించినవి ఉన్నవి ఉన్నట్టే ఉంచి, పెట్టె బొమ్మను మాత్రం మారిస్తే చాలని అతనికే గుర్తొచ్చింది. ఒక్క పూటలో పని అయిపోయింది. అది విని సారు, "అంటే మా కాలంలో మేము నూరుసార్లు వాయించిన కష్టమంతా..." అని మొదలుపెట్టి, మధ్యలో ఆపేశాడు. పండుగనాడు పాటలు వేసినప్పుడు బేస్ గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. ప్రకాశం మాత్రం వేంపల్లె నుంచి ఫోన్ చేసి, తమ పెట్టెలో కూడా రాళ్లు వేయించామనీ, శబ్దం బ్రహ్మాండంగా నిలబడుతోందనీ చెప్పాడు. అతనికి నిజం చెప్పాల్సిన బాధ్యత ఎవరిదన్న దాని మీద సారుకూ ప్రసన్నకూ ఇంకా తేలలేదు.

ఇప్పుడు నంద్యాల నుంచి, ఓర్వకల్లు నుంచి, అనంతపురం నుంచి కూడా సంఘాలు తమ పాటలు పంపుతాయి. ఆమె మిల్లులోనే కూర్చుని బేస్ వాయించి తిప్పి పంపుతుంది. వాయించేటప్పుడు గదిలో శబ్దమేమీ ఉండదు, తీగలు టక్కుటక్కుమనడం తప్ప. పిండికి వచ్చినవాళ్లు ఆమె కళ్లు మూసుకుని మూగ గిటార్‌తో తల ఊపడం చూసి, ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటారు.

మొన్న ఉరుకుందమ్మ అనే ముసలామె పసుపు కొమ్ములు తెచ్చి చాలాసేపు కూర్చుని చూసింది. చివరికి ఉండబట్టలేక, "ఏం చేస్తాండావు పాపా? పాట యాడ?" అని అడిగింది. ప్రసన్న హెడ్‌ఫోన్ తీసి ఆమె చెవులకు పెట్టి, లావు తీగ మీటింది. ఉరుకుందమ్మ ఉలిక్కిపడి పొట్ట మీద చెయ్యి వేసుకుంది.

"ఈడ పలుకుతాండాదే" అంది. ఇంకో నాలుగు మీట్లు వింది. తర్వాత హెడ్‌ఫోన్ తీసి ఇచ్చేసి, "బాగుండాదిలే గానీ, నా పసుపు ఎప్పుడు పడతావు? బస్సు పోతాది" అంది.

ప్రసన్న గిటార్ పక్కన పెట్టి మిషన్ వేసింది.